మాకు ముగ్గురు పిల్లలు

ఆ చిన్న విమానంలోంచి మేము దిగేసరికి ఊరు ఊరంతా వచ్చి నిలబడి ఉంది. ఊరంటే ఎంత, మా పాత వీధిలో సగం కూడా ఉండదు. కానీ నడవగలిగినవాళ్ళంతా వచ్చారు. నడవలేని ఓ ముసలాయన్ని మంచు మీద జారే బండిలో కూర్చోబెట్టి మరీ లాక్కొచ్చారు. మా పెళ్ళిలో కూడా మాకోసం అంతమంది ఎదురుచూడలేదు. చలి మొహాన కొట్టింది. ఏదో మాటవరసకి అనడం కాదు, నిజంగానే చెంప పగలగొట్టినట్టు కొట్టింది. పీల్చిన ఊపిరి ముక్కులోనే గడ్డకట్టి గుచ్చుకుంటోంది.

ముందు మా ఆయన దిగారు, చిన్నోణ్ణి ఎత్తుకుని. వెనకాల నేను, నా చెయ్యి పట్టుకుని నడిమిది. జనం చప్పట్లు కొట్టారు. ఎర్ర టోపీ పెట్టుకున్న ఓ పెద్దావిడ పిల్లల కోట్లు మోసుకుంటూ ముందుకొచ్చింది. ఆవిడ ఆ ఊరి సంఘానికి పెద్ద అని తర్వాత తెలిసింది. నేను మాత్రం మొదట్నుంచీ ప్రెసిడెంటమ్మ అనే అన్నాను. ఆవిడ చేతిలో మూడు కోట్లు. ఒకటి చిన్నోడికి తొడిగింది. ఒకటి నడిమిదానికి తొడిగింది. మూడోది పట్టుకుని మా వెనక్కి, విమానం తలుపు వైపు చూస్తూ నిలబడింది. పైలట్ మా సామాను దించేసి తలుపు వేసేశాడు. ఆవిడ ఇంకా చూస్తూనే ఉంది.

చప్పట్లు ఆగిపోయాయి.

"ఇంకో పాప?" అంది మూడు వేళ్ళు చూపిస్తూ.

"తర్వాత. తర్వాత వస్తుంది," అన్నారు మా ఆయన వచ్చీరాని ఇంగ్లీషులో, నవ్వుతూ. ఎవరూ నవ్వలేదు.

నేనేమనుకున్నానో తెలుసా? పిల్లని వదిలేసి వచ్చామని పాపం వీళ్ళకి కూడా మనసు చివుక్కుమంది అనుకున్నాను. ఎంత మంచివాళ్ళురా భగవంతుడా అనుకుని, దారిపొడుగునా వాళ్ళకి దండాలు పెట్టుకుంటూ వెళ్ళాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మా ఆయన సంగతి చెప్పకపోతే ఈ గొడవ ఎవరికీ తలకెక్కదు. ఆయన వెల్డరు. మా పాత ఊళ్ళో రేవు పక్కన రేకుల షెడ్డులో ఇనప పడవల అడుగులు అతికేవారు. ఆయన అతికిన చోట చుక్క నీరు కారిందని ఒక్కడంటే ఒక్కడు వెనక్కి రాలేదు. సాయంత్రమైతే వీధిలో పిల్లలంతా నిప్పురవ్వలు చూడ్డానికి షెడ్డు ముందు మూగేవాళ్ళు. "కళ్ళు పోతాయిరా వెధవల్లారా, అటు తిరగండి!" అని కేకలేసేవారు. కేకలేస్తూనే పగిలిన నల్లద్దం ముక్కలు దాచిపెట్టి, అంచులు అరగదీసి, ఒక్కొక్కడి చేతిలో ఒకటి పెట్టేవారు, దాంట్లోంచి చూడమని. నిప్పుల మావయ్య అని పేరు పెట్టారు పిల్లలు. ఎవరి పిల్లాడు కనబడ్డా "వీడు మావాడే" అనడం ఆయనకి అలవాటు. సైకిలు మీద ముందొకణ్ణి, వెనక ఇద్దర్ని ఎక్కించుకుని వచ్చి, "వీళ్ళకి అన్నం పెట్టవే," అనేవారు.

"ఎవరి పిల్లలండీ వీళ్ళు?"

"మన పిల్లలేలేవే."

ఎవరి పిల్లలో ఆయనకీ తెలీదు, వండిపెట్టిన నాకూ తెలీదు.

అలాంటి మనిషికి పెద్దది పరాయి పిల్ల ఎలా అవుతుంది? పెద్దది మా బావగారి కూతురు, అంటే మా ఆయన అన్నగారి పిల్ల. తల్లి పురిట్లోనే పోయింది. మా బావగారు లారీ తోలేవారు. మళ్ళీ పెళ్ళి చేసుకుని, ఆ వెళ్ళడం వెళ్ళడం మళ్ళీ ఇటు తొంగిచూడలేదు. నేను కాపరానికి వచ్చేసరికి పిల్ల పాకుతోంది. పాక్కుంటూ వచ్చి నా కాళ్ళు పట్టుకుని లేచి నిలబడింది. అప్పట్నుంచి నేనే అమ్మ, ఆయనే నాన్న. ఆ తర్వాత నాకు ఇద్దరు పుట్టారు. నడిమిదాన్ని నడిమిది అని ఎందుకంటాం? దానికి ముందు ఒకతె ఉంది కాబట్టి. ఇందులో మా గొప్పేమీ లేదు. అన్న పిల్లలు తమ్ముడికి పిల్లలే. ఎవరడిగినా మాకు ముగ్గురు అని చెప్పేవాళ్ళం. అది అబద్ధమని మాకు తోచలేదు, ఎందుకంటే అది అబద్ధం కాదు కాబట్టి.

షెడ్డు మూతపడింది. మా ఆయన ఇంట్లో కూర్చుని గోళ్ళు గిల్లుకుంటున్న రోజుల్లో ఓ ఏజెంటు తగిలాడు. భూమికి ఆ చివర ఎక్కడో మంచు దేశమట. అందులో మళ్ళీ ఓ మూల, చేపల పడవలు బాగుచేసే చిన్న రేవట. వెల్డరు కావాలి, ఇల్లు ఇస్తారు, కుటుంబంతో సహా రావచ్చు. "కుటుంబంతో సహా" అన్న ముక్క విని ఈయన ఎగిరి గంతేశారు. ఒక్కడూ ఎక్కడో పడి ఉండడం ఆయన వల్ల అయ్యే పని కాదు. మా ఇంట్లో సిగ్నల్ వంటింట్లోనే వస్తుంది కాబట్టి ఇంటర్వ్యూ అక్కడే జరిగింది. నేను పొయ్యి కట్టేసి, గిన్నె చప్పుడు కాకుండా నిలబడ్డాను. ఫోనులో అటువైపు ఆ రేవు మేనేజరు. పని గురించి రెండు ముక్కలు అడిగాడో లేదో, "పిల్లలెంతమంది?" అన్నాడు.

"ముగ్గురండీ."

"ముగ్గురూ బడి వయసువాళ్ళేనా?"

"ఆ. చిన్నోడు ఈ ఏడే చేరాడు."

మేనేజరు మొహం చాటంత అయింది. పిల్లల్ని చూపించమన్నాడు. ముగ్గురూ వంటింటి గడపలో వరసగా నిలబడి చేతులూపారు. ఫోను పెట్టేశాక మా ఆయన నా వైపు తిరిగి, "చూశావా, ఎంత పెద్దమనిషో! నా పని కంటే నా పిల్లల గురించే ఎక్కువ అడిగాడు," అన్నారు. పిచ్చి మారాజుకి కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి.

తీరా చూస్తే వీసాలు నాలుగే వచ్చాయి. పెద్దదాని పుట్టిన కాగితంలో తల్లి పేరు వేరు, తండ్రి పేరు వేరు. చిన్నాన్న అంటే సగం తండ్రి అని ఆ దేశం వాళ్ళకి ఎవరు చెబుతారు? దత్తత తీసుకున్నట్టు కోర్టు కాగితం ఉండాలన్నారు. మేము కోర్టు మెట్లెక్కితే గుమాస్తా రేపు రమ్మన్నాడు. రేపు వెళ్తే ఎల్లుండి రమ్మన్నాడు. ఆ తర్వాత, కన్నతండ్రి సంతకం లేకుండా అసలు అడుగే పడదు పొమ్మన్నాడు. మా బావగారు ఏ రోడ్డు మీద ఉన్నారో ఆ దేవుడికే తెలియాలి.

"మీరు ముందు వెళ్ళిపోండి సార్," అన్నాడు ఏజెంటు. "అమ్మాయిని ఆర్నెల్లలో పిలిపించుకోవచ్చు. కంపెనీకి ఇప్పుడేం చెప్పకండి, అంతా మళ్ళీ మొదటికొస్తుంది."

నేను రానంటే రానన్నాను. గిన్నెలు విసిరాను, అన్నం మానేశాను. మా ఆయన చిలక్కి చెప్పినట్టు చెప్పారు. ఆర్నెల్లేగా, అక్క చూసుకుంటుందిగా, ఇక్కడుంటే ముగ్గురికీ ఏం పెడతామే అని. అక్క అంటే మా వదిన, ఆయన తోబుట్టువు. ఇంట్లోనే మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. నోరు పెద్దది గానీ మనసు మంచిది. "నేను చచ్చాననుకున్నారా ఏమిటి? పిల్లని నా దగ్గర దింపి నడవండి," అంది.

పెద్దదానికి అప్పటికి పదేళ్ళు. అది ఏడవలేదు. తమ్ముడి సంచీ అదే సర్దింది. "వాడు నిద్రలో దుప్పటి తన్నేస్తాడమ్మా, చూసుకో," అని నాకు అప్పగింతలు పెట్టింది. వచ్చినవాళ్ళందరూ ఎంత బుద్ధిమంతురాలో అని మెచ్చుకున్నారు. పెద్దదీ పెద్దదీ అని పిలిచి పిలిచి పదేళ్ళ పిల్లని ముసలమ్మని చేసి కూర్చోబెట్టారు. గుమ్మం దగ్గర ఒక్కసారే అడిగింది, "నన్నెప్పుడు పిలిపిస్తారు నాన్నా?" అని. "వెళ్ళగానే తల్లీ. అదే మొదటి పని," అన్నారు ఆయన.

అదీ మేము ఆ మంచులో దిగిన వైనం.

ఇల్లు చెక్కది. లోపల కొత్తగా రంగు వేశారు, వాసన ఇంకా పోలేదు. కిటికీలకి రెండేసి అద్దాలు. ఫ్రిజ్ నిండా సరుకులు. పిల్లల గదిలో బొమ్మలు, పుస్తకాలు, మూడు జతల బూట్లు. మొదటి వారం ఆడవాళ్ళు గిన్నెలూ దుప్పట్లూ పట్టుకుని ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. వచ్చిన ప్రతివాళ్ళూ పిల్లల గదిలోకి ఓసారి తొంగిచూసి, మొహం మాడ్చుకుని వెళ్ళారు. తర్వాత రావడం మానేశారు. దుకాణంలో నేను నవ్వితే గల్లా దగ్గర కూర్చున్నావిడ తల దించుకుని సామాను సంచిలో పడేసేది. చలికి నేను అలవాటు పడుతున్నాను. తడిచేత్తో బయటి గొళ్ళెం పట్టుకోకూడదు, చర్మం అంటుకుపోతుంది. ఆరేసిన బట్టలు అట్టముక్కలవుతాయి, మడిస్తే విరుగుతాయేమో అని భయం. సూర్యుడు కొండ అంచున తల చూపించి, అర్జెంటు పనున్నట్టు వెళ్ళిపోతాడు. అవన్నీ సర్దుకోవచ్చు. మనుషులు ఎందుకు మొహం తిప్పుకుంటున్నారో మాత్రం నాకు అంతుపట్టలేదు.

పక్కింటి ముసలావిడ చెప్పింది. చేపలు కోసే పనిలో రెండు వేళ్ళు పోగొట్టుకున్న మనిషి, మొహమాటం అన్నది ఎరగదు. మా పొయ్యి పొగ చిమ్ముతోందని చూసి, తనే లోపలికొచ్చి గొట్టం తట్టి బాగుచేసింది. ఆవిడ చెప్పింది ఫోనులో తెలుగులోకి మార్చుకుని చదివాను. మొదటిసారి అర్థం కాలేదు. రెండోసారి చదివితే అర్థమైంది.

ఆ ఊరి బడిలో పది మంది పిల్లలుండాలి. అది ప్రభుత్వం పెట్టిన రూలు. తగ్గితే బడి మూసేసి, పిల్లల్ని నీళ్ళకి అవతలున్న పట్నంలో హాస్టల్లో పడేస్తారు. పిల్లలు వెళ్ళిన చోటికి తల్లిదండ్రులు వెళ్తారు, అప్పుడు రేవులో పనివాళ్ళుండరు, ఊరుండదు. బడిలో ఏడుగురు మిగిలారు. అందుకని మేనేజరు పిల్లలున్న వెల్డరు కోసం ప్రపంచమంతా గాలించాడు.

"ఇంకో వెల్డరు కూడా ఈ పని అడిగాడు. మంచి పనివాడు," అంది ముసలావిడ. "పెళ్ళి కాలేదు వాడికి."

ఆ సాయంత్రం మా ఆయనకి చెబితే నవ్వి కొట్టిపారేశారు. "ఆవిడకి వయసు మీదపడింది. పిల్లల కోసం వెల్డరుని పెట్టుకుంటారుటే ఎవరైనా?" అన్నారు. మర్నాడు షెడ్డులో మేస్త్రిని సరదాగా అడిగారట. మేస్త్రి కూడా సరదాగానే అవునన్నాడట. ఇంటికొచ్చి చేతి తొడుగులు కూడా తియ్యకుండా కూర్చున్నారు.

"నేను అతుకులు వేసి వీడియో తీసి పంపాను చూడు, పడవ అడుగు మొత్తం తీసి... అది వాళ్ళు తెరవనే లేదటే," అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. ఆయన కోసం వచ్చిన ఏడుపు అదే ఆఖరిదేమో. ఆ రోజు నుంచి ఆయన నవ్వు తగ్గింది. షెడ్డు ముందుకి అక్కడా పిల్లలొచ్చేవాళ్ళు, కానీ ఈయన నల్లద్దాలు ఎవరికీ ఇవ్వలేదు. తలుపు మూసుకుని పని చేసుకునేవారు.

ఓ రోజు ప్రెసిడెంటమ్మ, మేనేజరు కలిసి మా ఇంటికొచ్చారు. మేనేజరు మొహం గంటు పెట్టుకుని ఉన్నాడు.

"ముగ్గురు పిల్లలన్నావు."

"ముగ్గురేనండీ. పెద్దది మా అన్నయ్య కూతురు."

"అంటే నీ కూతురు కాదు."

"మా కూతురే."

"మీ అన్నయ్య కూతురు."

"అవునండీ. అందుకే మా కూతురు."

మేనేజరు ప్రెసిడెంటమ్మ వైపు చూశాడు. ఆవిడ గోడ వైపు చూసింది. అబద్ధాలకోరుని చూసినట్టు చూశారు మా ఆయన్ని. నాకు ఒళ్ళు మండింది. "పాలు పట్టి పెంచినదాన్ని నేను! అది మా పిల్ల కాదనడానికి మీరెవరు?" అని తెలుగులోనే అరిచాను. వాళ్ళకి మాట అర్థం కాకపోయినా నా గొంతు అర్థమైంది. ప్రెసిడెంటమ్మ లేచి నా భుజం మీద చెయ్యి వేసింది. "అయితే తీసుకొద్దాం," అంది. "మేము తీసుకొస్తాం."

ఆ మాటతో ఊరు మారిపోయింది. ప్రభుత్వం వాళ్ళని బతిమాలి బడికి మళ్ళీ ఏడాది దాకా గడువు తెచ్చారు. ఊరంతా కలిసి వకీలుని పెట్టారు. దుకాణం ఆవిడ నన్ను చూసి లేచి నిలబడడం మొదలుపెట్టింది. ఎవరెదురైనా "పెద్దది ఎలా ఉంది?" అని అడిగేవాళ్ళే. అది పేరనుకున్నారు పాపం, నాలుక మడతపడుతున్నా పెద్దది పెద్దది అని పలికేవాళ్ళు. బడిలో టీచరమ్మ దానికో బెంచీ ఖాళీగా ఉంచింది. నడిమిది తరగతికంతా నేర్పింది, అందరూ వరసగా నిలబడి "అక్కా, రా!" అని కోరస్‌గా అరిచి వీడియో తీశారు. తెల్లజుట్టు పిల్లలు, ముందుపళ్ళు ఊడినవాళ్ళు, అక్కా రా అంటుంటే నేను నవ్వలేక ఏడవలేక చచ్చాను. నా పిల్ల కోసం ఇంతమంది నిలబడ్డారు కదా అని పొంగిపోయాను. ఎందుకు నిలబడ్డారో తెలిసీ పొంగిపోయాను. అది వస్తే చాలు, ఎవరి అవసరానికి వస్తే ఏం అనుకున్నాను.

పెద్దది ఆ వీడియో చూసి చూసి అరగదీసిందట. మా వదిన ఫోను చేసి ఒకటే గోల. "ఇదేం పిల్లే బాబూ! పొద్దున్నే ఫ్రిజ్ తలుపు తీసుకుని దాని ముందు నిలబడుతోంది. ఏమిటే అంటే చలి అలవాటు చేసుకుంటున్నా అత్తా అంటోంది. లోపలున్నవన్నీ పాడైపోతున్నాయి!" అని. వెనక నుంచి పెద్దది నవ్వు వినబడింది. అంత నవ్వు నేను దాని నోట అంతకుముందు వినలేదు.

వకీలు గట్టివాడు. మేము కోర్టు చుట్టూ చెప్పులరిగేలా తిరిగినా జరగనిది, వాడు కుర్చీలో కూర్చుని జరిపించాడు. మా ఊళ్ళో మరో వకీలుని పట్టాడు, వాడు మా బావగారి జాడ తీశాడు. ఏదో రోడ్డు పక్క టీ కొట్టు దగ్గర లారీ ఆపి టైర్లు చూసుకుంటుంటే వెళ్ళి సంతకం పెట్టించుకున్నాడట. "ఎక్కడ?" అని అడిగి, చూపించిన చోట పెట్టేసి, లారీ ఎక్కేశాడట ఆ మహానుభావుడు. పిల్ల ఎలా ఉందని కూడా అడగలేదట. కోర్టు ఆర్డరు వచ్చింది. వీసా కూడా వచ్చేసింది. ప్రెసిడెంటమ్మ మా ఇంటి మెట్ల మీద మంచులోనే నన్ను వాటేసుకుంది.

ఆ వారమే చిన్నోడు ఫోనులో అక్కతో మాట్లాడుతూ వాగాడు. నేను అంట్లు తోముతున్నాను, నా చెవినే పడింది. "అక్కా, నువ్వొస్తే పది! రాకపోతే మా బడికి తాళం వేసి మమ్మల్ని పడవలో పంపేస్తారు. అందుకే నిన్ను పిలుస్తున్నారు!" వాడికి ఆరేళ్ళు. వాడికి అదో ఆట. చేతి సబ్బుతోనే పరిగెత్తుకొచ్చి ఫోను లాక్కున్నాను. తెరమీద పెద్దది నన్నే చూస్తోంది.

"ఏమిటమ్మా వాడంటున్నది?"

"ఏదో పిచ్చివాగుడులే. అన్నం తిన్నావా?"

"తిన్నాను," అంది. అంతే, ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేదాన్నో నాకు తెలీదు.

తర్వాత నాలుగు రోజులు ఫోనుకి దొరకలేదు. మిషను దగ్గరుంది, స్నానానికెళ్ళింది, పడుకుంది అని మా వదిన ఏదో ఒకటి చెబుతూ వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం మా ఆయన ఇంట్లో ఉండగా వదినే ఫోను చేసింది. "దీని వాలకం నాకేం బాగాలేదురా తమ్ముడూ. మీరే మాట్లాడుకోండి," అని ఫోను దానికిచ్చింది. వెనకాల మిషను, దాని మీద సగం కుట్టిన చొక్కా. పెద్దది ఒళ్ళో ఆ చొక్కా చెయ్యి పట్టుకునే కూర్చుంది. ఏడాదిన్నరలో మొహం పొడుగైంది.

"నాన్నా, ఒకటడుగుతాను. మీరు ఇక్కడున్నప్పుడు ఆ బడి సంగతి మీకు తెలుసా?"

"తెలీదు తల్లీ! నీ మీద ఒట్టు. ఇక్కడికొచ్చాకే తెలిసింది," అన్నారు మా ఆయన తొందరగా. నేరం లేదని తేలినవాడిలా అన్నారు.

"అదే నేనూ అనుకున్నాను," అంది అది. "అప్పుడు నాకోసం అడిగారు. కుదర్లేదన్నారు, వెళ్ళిపోయారు. ఇప్పుడు బడి కోసం అడిగారు. కుదిరింది."

మా ఆయన ఫోను నా చేతిలో పెట్టేశారు.

"అలా కాదే," అన్నాను నేను. "ఏ దారిన వస్తే ఏంటే, మా దగ్గరికి వస్తున్నావు కదా. తమ్ముడు నిన్ను కలవరిస్తున్నాడు. నడిమిది నీకోసం..."

"కోపం లేదమ్మా. నిజంగా లేదు. నేను రాను."

"పిచ్చిదానా, టికెట్ కూడా..."

"అత్తకి కళ్ళు సరిగ్గా కనబడట్లేదమ్మా. సూదిలో దారం నేనే ఎక్కిస్తున్నాను. కాజాలు కూడా నేర్పింది," అంది. "అత్త నన్ను ఉంచుకుంటానని తనే అంది. ఎవరూ అడక్కుండానే అంది," అంది.

దానికి పన్నెండేళ్ళు నిండలేదు. గొంతు పెంచలేదు, ముక్కు చీదలేదు. లెక్క అడిగినట్టు అడిగింది, లెక్క చెప్పినట్టు చెప్పింది. నేను తిట్టాను. బతిమాలాను. కాళ్ళు పట్టుకుంటానన్నాను. "అలా అనకమ్మా, బాగోదు," అంది, అక్కడికి నేనే చిన్నపిల్లనైనట్టు. తర్వాత మా వదిన ఫోను తీసుకుని, తను కూడా ఏడుస్తూ, "నేను చెప్పానే, వెళ్ళవే అని వారం నుంచీ నెత్తీ నోరూ కొట్టుకుంటున్నాను. వినట్లేదే," అంది. ఆవిడ ఏడుపు నిజమే. పిల్ల ఉండిపోతున్నందుకు ఆవిడ గొంతులో ఉన్న ఊరట కూడా నిజమే. అయినా ఆవిడ మీద కోపం రాలేదు. రావాల్సింది ఎవరి మీదో నాకు తెలుసు.

ఆ దేశం మీద వచ్చింది. పది అని గీత గీసినవాడెవడో వాడి మీద వచ్చింది. రేపు రా ఎల్లుండి రా అన్న గుమాస్తా మీద వచ్చింది. మమ్మల్ని పట్టించుకోని కోర్టు మంచు ఊరివాళ్ళ వకీలు ఫోను చేస్తే లేచి కూర్చుందే, ఆ కోర్టు మీద వచ్చింది. పిల్ల అడిగింది తప్పా? మా నోటితో అడిగినన్నాళ్ళూ అది ఎవరికీ పట్టని పిల్ల. బడి అడిగేసరికి పట్టింది. ఆ తేడా పెద్దవాళ్ళం మాకు కనబడలేదు, దానికి కనబడింది.

మా ఆయన రెండు రోజులు పనికి వెళ్ళలేదు. మూడోరోజు ప్రెసిడెంటమ్మ, మేనేజరు వచ్చారు, పిల్ల ఎప్పుడు బయల్దేరుతోందో కనుక్కుందామని. నేను టీ పెట్టి ఇచ్చాను. వంటింటి బల్ల చుట్టూ నలుగురం కూర్చున్నాం. పిల్లలు బడికి వెళ్ళారు. మా ఆయన బల్ల మీద గీతలు చూస్తూ చెప్పారు.

"రానంటోంది."

మేనేజరు కప్పు కిందపెట్టాడు. ప్రెసిడెంటమ్మ మొహంలో రక్తం లేదు. ఎందుకు రానంది అని అడుగుతారని నేను చూస్తున్నాను. అడిగితే చెప్పాలని ఉంది. నా పిల్ల అన్న ప్రతి మాటా పొల్లుపోకుండా చెప్పి, వాళ్ళ మొహాన విసరాలని ఉంది. ఎవరూ అడగలేదు. బయట ఎవరో మంచు ఎత్తిపోస్తున్న పార చప్పుడు వినబడుతోంది.

ప్రెసిడెంటమ్మ కప్పు పక్కకి జరిపింది. కోపంగా కాదు, చాలా మర్యాదగా అడిగింది. "మీ బంధువుల్లో ఇంకెవరైనా పిల్లలున్నారా? వకీలుకి ఇప్పుడు దారి తెలిసింది. ఈసారి తొందరగా అయిపోతుంది."

నేను మా ఆయన వైపు తిరిగాను. బల్ల ఎత్తి వాళ్ళ మీద పడేస్తారనుకున్నాను. కనీసం లేచి వాళ్ళకి తలుపు చూపిస్తారనుకున్నాను. అంతకన్నా తక్కువైతే, తల వంచుకుని ఏడుస్తారనుకున్నాను. అవేవీ చెయ్యలేదు. కప్పు చుట్టూ వేళ్ళు బిగించి, నొసలు చిట్లించి, పైకి చూస్తున్నారు. పెదాలు చిన్నగా కదులుతున్నాయి. ఆ మనిషితో ఇన్నేళ్ళు కాపరం చేసినదాన్ని, ఆయన ఆలోచిస్తున్నారని నాకు తెలిసిపోయింది.

"మా పెదనాన్న మనవడొకడున్నాడు," అన్నారు. "ఎనిమిదేళ్ళుంటాయి."

ప్రెసిడెంటమ్మ కుర్చీ ముందుకి జరుపుకుంది. నేను లేచి ఆవిడ కప్పు తీసుకున్నాను, మేనేజరు కప్పు తీసుకున్నాను, ఆయన వేళ్ళ మధ్యలోంచి ఆయన కప్పు కూడా లాక్కున్నాను. మూడింట్లోనూ ఉన్న టీ తీసుకెళ్ళి సింకులో పారబోశాను.